గొంతు తీసుకుని పేరు వదిలేస్తారా?

బుర్రకథ వేదిక మీద ముగ్గురు నిలబడతారు. నడుమ తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని ప్రధాన కథకుడు ఉంటాడు. అతనికి ఇరువైపులా డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటారు. వంతల్లో ఒకరి పని హాస్యం, మరొకరి పని రాజకీయం. చెప్పే కథ పల్నాటి యుద్ధం కావచ్చు, బొబ్బిలి యుద్ధం కావచ్చు. రాజకీయం చెప్పే వంత మాత్రం కథను నడుమ ఆపి, కరువు గురించో, ధాన్యం ధర గురించో, పెత్తందారు దౌర్జన్యం గురించో ఒక మాట అనితీరాలి. జనం ఎదురుచూసేది ఆ మాట కోసమే. పాలకులు భయపడిందీ ఆ మాటకే. బ్రిటిష్ ఏలుబడిలో మద్రాసు ప్రభుత్వమూ, హైదరాబాదు రాజ్యంలో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించడానికి కారణం అదే.

ఈ కళారూపాన్ని ప్రజల ఆయుధంగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో, దూదేకుల కుటుంబంలో పుట్టాడు. ప్రజానాట్యమండలి వేదికల మీద ఆయన చెప్పిన కథలు విన్న తరం ఆయనను బుర్రకథ పితామహుడని పిలుచుకుంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశాడు. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు 'పింజారి'. లోకం తనను చిన్నచూపు చూడడానికి వాడిన మాటనే తన పేరుగా అచ్చువేయించిన మనిషి ఆయన. పేరు విలువ ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

నాజర్ ప్రస్తావనతో ఆరంభించడానికి కారణం ఉంది. నేడు కృత్రిమ మేధ ఒక కళాకారుని గొంతును కొద్దిపాటి ధ్వనిముద్రణ నుంచే నేర్చుకోగలదు. నేర్చుకుని, ఆ కళాకారుడు ఎన్నడూ పాడని పాటను, ఎన్నడూ అనని మాటను అదే గొంతుతో వినిపించగలదు. నాటకమూ రాయగలదు. 2021లో చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లో ఒక నాటకశాల ప్రదర్శించిన నాటకంలో సింహభాగం యంత్రం రాసినదే. ఈ పరిణామాన్ని వింతగా చూసి ఊరుకునేవారు ఉన్నారు. ఉపాధి సమస్యగా చూసి పోరాడినవారూ ఉన్నారు. అమెరికాలో సినిమా, టెలివిజన్ నటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేసినప్పుడు, నటుని రూపాన్ని, గొంతును అతని అనుమతి లేకుండా యంత్రంతో నకలు చేయకూడదన్నది ముఖ్యమైన కోర్కెల్లో ఒకటి. మేము ఈ రెండింటికీ తోడు మరో మాట చేర్చదలిచాం. మన దేశంలో ఇది మైనారిటీల హక్కుల సమస్య కూడా.

పేరే మన ఆధారం

తెలుగు సంస్కృతిలో ముస్లింలు పరాయివారనే వాదన ఏటేటా గొంతు పెంచుతోంది. ఆ వాదనకు మన దగ్గరున్న బలమైన జవాబు ఉపన్యాసం కాదు, పేర్ల పట్టిక. ఒంగోలు సమీపాన కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర విద్వాంసునిగా సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చిన మౌలానా పేరు అందులో ఉంది. 2020లో పద్మశ్రీ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతుల పేర్లు ఉన్నాయి. 2022లో మరణానంతరం అదే పురస్కారం పొందిన గోసవీడు షేక్ హసన్ పేరు ఉంది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో తరతరాలుగా దేవాలయాల్లో నాదస్వరం వాయించిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఇక పీర్ల పండుగ నాడు అలావా చుట్టూ తిరుగుతూ కర్బలా కథను తెలుగులో పాడే గొంతుల్లో ముస్లింలవీ ఉన్నాయి, హిందువులవీ ఉన్నాయి.

ఈ పేర్లను ఎవరూ కాదనలేరు. కచేరీ కరపత్రం మీద, ఆకాశవాణి ప్రకటనలో, గ్రామఫోను రికార్డు మీద అవి నమోదై ఉన్నాయి. వాయిద్యం వినగానే వాయించినవారి మతం తెలియదు. పేరు చదివినప్పుడే తెలుస్తుంది. గుడి గోపురం కింద కల్యాణం వేళ వినిపించిన ఆ నాదం ఒక సాయిబుదని తెలిసిన క్షణాన, పరాయివారనే వాదన తనంతట తాను కూలిపోతుంది.

కృత్రిమ మేధ సరిగ్గా ఇక్కడే దెబ్బ తీస్తుంది. అది వేల గంటల ధ్వనిని మింగి, అన్నిటినీ కలగలిపి, అడిగినవారికి 'ఆలయ నాదస్వరం' అనో, 'తెలుగు జానపద గాత్రం' అనో ఒక సరుకును అందిస్తుంది. ఆ సరుకులో చిన మౌలానా ఊపిరి ఎంత, నాజర్ గొంతు ఎంత అని అడిగితే దానిని తయారుచేసిన సంస్థ కూడా చెప్పలేదు. నాదం మిగులుతుంది, నాదం చేసినవాడు మాయమవుతాడు. ఒకరిని చరిత్ర నుంచి తొలగించడానికి ఇక పుస్తకాల్లో పాఠాలు చింపనక్కరలేదు.

పేరు తెలియని మాటను అంగీకరించకపోవడం మన సంప్రదాయానికి కొత్త కాదు. హదీసు పండితులు ఒక వచనాన్ని స్వీకరించే ముందు ఇది ఎవరు ఎవరి నుంచి విన్నారు, వారు ఎవరి నుంచి విన్నారు అని పరంపరను అడిగారు. దానినే ఇస్నాద్ అన్నారు. పరంపర తెగిన వచనం ఎంత అందంగా ఉన్నా దానిని పక్కన పెట్టారు. మన ఉస్తాదులూ అంతే. పాడే ముందు చెవి పట్టుకుని గురువు పేరు తలచుకునే ఆచారం ఆ మర్యాద నుంచి వచ్చినదే. యంత్రం ఇచ్చే గొంతుకు ఇస్నాద్ లేదు. మా అభ్యంతరానికి మూలం అదే.

అడిగి తీసుకోవడం, అడగకుండా తీసుకోవడం

అడిగి తీసుకోవడం అసాధ్యమేమీ కాదు. 2024లో విడుదలైన 'లాల్ సలామ్' అనే తమిళ చిత్రంలో ఒక పాటకు ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులను యంత్రంతో తిరిగి పలికించాడు. వారిలో ఒకరు 1997లో మరణించిన షాహుల్ హమీద్. రెండు కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, తగిన ప్రతిఫలం చెల్లించామనీ ఆయన బహిరంగంగా ప్రకటించాడు. పాట మీద ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మరణించినవారిని ఇలా తిరిగి పాడించడం ఉచితమా అనే ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. కానీ అనుమతి, పేరు, కూలి అనే మూడు మెట్లనూ ఆయన ఎక్కాడు.

అదే సమయంలో తెలుగునాట మరో సంగతి జరిగింది. 2023లో వచ్చిన 'కీడా కోలా' చిత్రంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును తమను అడగకుండా కృత్రిమ మేధతో సృష్టించారంటూ ఆయన కుమారుడు ఆ చిత్ర నిర్మాతలకు, సంగీత దర్శకునికి న్యాయవాది ద్వారా నోటీసు పంపాడు. అంతటి గాయకుని కుటుంబానికే నోటీసు పంపవలసిన పరిస్థితి వచ్చినప్పుడు, ఊరూరా తిరిగి పాడే ఫకీరు గొంతుకు కాపలా ఎవరు? అతని పాటను ఎవరో ఫోనులో చిత్రించి లోకమంతా తిప్పుతారు. ఎవరి గొంతో, ఏ ఊరో రాయరు. రేపు ఆ గొంతు ఏ ప్రకటనలో వినిపించినా, అది తనదని అతడు గుర్తుపట్టే అవకాశం కూడా తక్కువ.

యంత్రం నేర్చుకున్న సాయిబు

యంత్రం మన గొంతును తీసుకోవడం ఒక ఎత్తు. మన పాత్రను తిరిగి రాసి వేదిక మీద నిలబెట్టడం మరో ఎత్తు. తెలుగు నాటకంలో, సినిమాలో సాయిబు పాత్ర ఎలా ఉంటుందో మనకు తెలుసు. లుంగీ, టోపీ, వచ్చీరాని తెలుగు, నవ్వించడానికి రెండు హిందీ ముక్కలు. లేకుంటే కత్తి పట్టిన దుర్మార్గుడు. లేకుంటే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకమైన స్నేహితుడు. పల్నాటి పల్లెలో మిరప పండించే ముస్లిం రైతు ఇంట్లోనూ చేలోనూ పొరుగువాడి యాసలోనే తెలుగు మాట్లాడతాడు. తెలుగు తప్ప మరో భాష రాని దూదేకుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారెవరూ ఆ పాత్రల్లో కనిపించరు.

యంత్రం నేర్చుకునేది లోకం నుంచి కాదు, లోకం గురించి ఇంతవరకు రాసినదాని నుంచి. రాసినదాంట్లో ఏది ఎక్కువగా ఉంటే దానినే అది సహజమనుకుంటుంది. కనుక నాటక సమాజాలు రేపు సంభాషణల కోసం యంత్రాన్ని ఆశ్రయిస్తే, ఆ పాత సాయిబే కొత్త వేషంలో తిరిగివస్తాడు. మునుపు ఆ పాత్రను రాసిన రచయితను సభలో నిలదీయగలిగేవాళ్లం. ముస్లింవాద కవులు, కథకులు గత 3 దశాబ్దాలుగా చేసింది అదే. యంత్రాన్ని నిలదీయాలంటే ఎవరి తలుపు తట్టాలి?

అనని మాటకు శిక్ష

ఈ చర్చలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్న విషయం మరొకటి ఉంది. 2021 జనవరి 1న ఇందోర్‌లో హాస్య కళాకారుడు మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. దేవతలను అవమానించాడన్నది ఆరోపణ. ఆ వేదిక మీద అతడు ఆ మాటలు అననే లేదని అతని తరఫు న్యాయవాదులు వాదించారు. దిగువ కోర్టుల్లోనూ, హైకోర్టులోనూ బెయిలు దొరకలేదు. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు అతడు నెలకు పైగా జైల్లో ఉన్నాడు. 2022 ఆగస్టులో హైదరాబాదు శిల్పకళావేదికలో అతని ప్రదర్శన భారీ పోలీసు బందోబస్తు నడుమ జరపవలసి వచ్చింది.

అప్పుడు అతను ఆ మాటలు అన్నాడనడానికి ధ్వనిముద్రణ ఏదీ లేదు. ఉన్నట్లయితే? అతని గొంతుతో, అతని ముఖంతో, అతడు ఎన్నడూ అనని మాటలను యంత్రం పలికించి ఉంటే? అది నకిలీ అని తేలేలోపు అతని బతుకు ఏమయ్యేది? ఏ కళాకారుడికైనా ఇది ప్రమాదమే. కానీ ఆరోపణ పడిన మరుక్షణమే సగం శిక్ష పడిపోయే సముదాయానికి చెందిన కళాకారునికి ఇది ప్రాణాపాయం. బుర్రకథలో రాజకీయం చెప్పే వంత నోరు తెరిచే ముందు ఆ మాటకు మూల్యం తూకం వేసుకుంటాడు. ఆ మూల్యం చెల్లించడానికి సిద్ధపడినందుకే జనం అతన్ని గౌరవించారు. యంత్రం జైలుకు పోదు. దాని మాటకు జైలుకు పోయేది మనిషే.

చట్టం ఎంతవరకు వస్తుంది?

మన కాపీరైటు చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. ప్రదర్శకుడు ఎవరన్న నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. ఊరూరా తిరిగే కళాకారులను చట్టం విద్వాంసుల పక్కనే కూర్చోబెట్టింది. 2012 సవరణతో చేరిన 38-బి సెక్షను ప్రకారం, తన ప్రదర్శన తనదేనని గుర్తింపు కోరే హక్కు, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దానిని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ప్రదర్శకునికి ఉన్నాయి.

అయితే చట్టం దృష్టిలో ప్రదర్శన అంటే మనిషి ప్రత్యక్షంగా చేసినది. యంత్రం పలికించిన నకలు గొంతు ఆ నిర్వచనంలో ఇముడుతుందా అన్నది సందేహం. రెండవది, ప్రదర్శకుని హక్కు కాలం 50 ఏళ్లు. 1970లో చెప్పిన బుర్రకథ మీద ఆ హక్కు 2020తో ముగిసిపోయింది. మన పెద్దల మేటి ప్రదర్శనలు చాలావరకు ఆ గడువు దాటినవే. మూడవది, న్యాయస్థానాలు కొంత మేలు చేస్తున్నా అది అందరికీ అందడం లేదు. 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును యంత్రాలతో నకలు చేయడాన్ని నిలువరిస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ తీర్పు ఆహ్వానించదగినదే. కానీ దానికి ఆధారం ఆయన ప్రఖ్యాతి. ప్రఖ్యాతి లేని గొంతుకు విలువ లేదా?

కేంద్రంలో పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ నియమించిన కమిటీ 2025 డిసెంబరులో ఒక ముసాయిదా పత్రం వెలువరించింది. కృత్రిమ మేధ సంస్థలు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలను శిక్షణకు వాడుకోవచ్చుననీ, వద్దని నిరాకరించే అవకాశం హక్కుదారులకు ఉండదనీ, బదులుగా రాయల్టీ చెల్లించాలనీ, దానిని ఒక కేంద్రీకృత సంస్థ వసూలు చేసి పంచాలనీ ఆ పత్రం సూచించింది. ఉచితంగా దోచుకోవడం కంటే ఇది మేలని ఒప్పుకుంటాం. కానీ పంపిణీ ఎవరికి? పత్రం ఉన్నవారికి, సంఘంలో సభ్యత్వం ఉన్నవారికి, పాట కింద తన పేరు రాసి ఉన్నవారికి. పీర్ల పాట పాడే ముసలమ్మకు ఏ సంఘంలో సభ్యత్వం ఉంది? కాదనే హక్కు పోయి, కూలి కూడా చేరకపోతే, ఆమెకు మిగిలేది ఏమిటి?

రెండు అభ్యంతరాలు

నాజర్ మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదా, జంగం కథలు, తందాన కథలు విని తనదైన బాణీ కట్టుకోలేదా, యంత్రమూ అలాగే నేర్చుకుంటోంది కదా అని కొందరు అడుగుతారు. నేర్చుకున్నాడు. అందుకు గురువుల ముందు కూర్చున్నాడు, వారి పేర్లు చెప్పుకున్నాడు, ఆకలికి ఓర్చాడు, తర్వాత తానూ శిష్యులను తయారుచేశాడు. తీసుకున్నది తిరిగి ఆ కళకే ఇచ్చాడు. కళారూపం అందరిది. గొంతు మాత్రం ఒక్కరిది. మేము కళారూపానికి కంచె వేయమనడం లేదు.

సాంకేతికతను అడ్డుకోవడం మన సముదాయానికి ఎప్పుడూ మేలు చేయలేదని మరికొందరు అంటారు. ఆ మాటలో నిజముంది. ముద్రణాయంత్రాన్ని అందుకోవడంలో చేసిన ఆలస్యానికి ముస్లిం సమాజాలు మూల్యం చెల్లించాయి. శిథిలమైన పాత ధ్వనిముద్రణలను శుభ్రపరచడానికి, తెలుగు నాటకాన్ని ఇతర భాషల వారికి అప్పటికప్పుడు అనువదించి చూపడానికి, మాట పోగొట్టుకున్న కళాకారునికి తిరిగి మాట ఇవ్వడానికి ఈ యంత్రం పనికివస్తుంది. ఆ వినియోగాలను మేము స్వాగతిస్తాం. మా పేచీ పనిముట్టుతో కాదు, వెట్టితో.

ఈ మాట వేరే దేశం నుంచి తెచ్చినది కాదు. 'రోబో' అన్న పదమే నాటక వేదిక మీద పుట్టింది. 1921లో ప్రాగ్‌లో ప్రదర్శించిన కారెల్ చాపెక్ నాటకం ఆ పదాన్ని లోకానికి ఇచ్చింది. దాని మూలమైన చెక్ పదానికి అర్థం వెట్టిచాకిరీ. వెట్టి అంటే ఏమిటో తెలుగు నాటకానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' వెట్టికి ఎదురుతిరిగిన నాటకం. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి ప్రాణాలు కోల్పోయిన షేక్ బందగీ పోరాటం ఆ నాటకానికి ప్రేరణ. అడగకుండా, కూలి ఇవ్వకుండా, పేరు చెప్పకుండా ఒకరి శ్రమను తీసుకోవడాన్ని ఆనాడు వెట్టి అన్నాం. నేడు దానికి వేరే పేరు అక్కరలేదు.

మన వంతు

ప్రభుత్వాలను అడిగే ముందు మనల్ని మనం ఒక మాట అడుగుకోవాలి. నాజర్‌ను బతికుండగా మన సముదాయం ఎంత అక్కున చేర్చుకుంది? గుళ్లో వాయించాడని నాదస్వర విద్వాంసుని, వేషం కట్టాడని నటుని, డోలు కొట్టాడని ఫకీరును పెళ్లి సంబంధాల దగ్గర, మసీదు కమిటీల దగ్గర తక్కువ చేసినవారు మనలో లేరా? సంగీతం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చలోకి మేము వెళ్లడం లేదు. కానీ ఒక మనిషి శ్రమను అతని అనుమతి లేకుండా తీసుకోవచ్చునా అన్న విషయంలో రెండో అభిప్రాయం లేదు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలని చిన్ననాడే నేర్చుకున్న సమాజం మనది. గొంతు కూడా అమానతే.

కనుక మేము కోరేవి ఇవి. ఆకాశవాణి కేంద్రాల్లోనూ, రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల వద్దా ఉన్న ధ్వనిముద్రణలను ఏ సంస్థకైనా యంత్ర శిక్షణ కోసం ఇచ్చే ముందు, ప్రతి ముద్రణకూ కళాకారుని పేరు, ఊరు జతచేయాలి. కుటుంబానికి తెలియజేయాలి, వాటా ఇవ్వాలి. యంత్రం పలికించే నకలు గొంతుకూ 38-బి హక్కులు వర్తిస్తాయని చట్టంలో స్పష్టంగా రాయాలి. గొంతు యజమాని అనుమతి లేని నకలును, అది ప్రఖ్యాతుడిదైనా కాకున్నా, నేరంగా పరిగణించాలి. రాయల్టీ పంచే సంస్థ ఏర్పడితే, సభ్యత్వం లేని జానపద కళాకారుల కోసం ప్రత్యేక నిధి ఉండాలి. దాని నిర్వహణలో మైనారిటీ, సంచార కళాకారుల ప్రతినిధులు ఉండాలి.

ఇక మన చేతిలో ఉన్న పని. మీ ఊళ్లో నాదస్వరం వాయించే తాతయ్య ఉన్నాడా, పీర్ల పాట పాడే నానమ్మ ఉన్నదా, బుర్రకథలో వంత పాడిన పెద్దాయన ఉన్నాడా? వారి దగ్గర కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ గురువు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి రాసుకోండి. పాటను రికార్డు చేస్తే, మొదటి మాటగా వారి పేరును, ఊరును వారి గొంతుతోనే చెప్పించండి. తేదీ వేయండి. ఒక ప్రతిని వారి పిల్లలకు ఇవ్వండి. కోర్టులో నిలిచే సాక్ష్యం అయినా, చరిత్రలో నిలిచే సాక్ష్యం అయినా అక్కడి నుంచే మొదలవుతుంది.

యంత్ర నిర్మాతలకు మేము చెప్పదలిచింది ఒక్కటే. మా గొంతు కావాలంటే వచ్చి అడగండి. కూలి చెల్లించండి. పేరు రాయండి.